పదమూడేళ్లు ఉద్యోగం చేశాక తీసుకున్న డిగ్రీ: నా రివ్యూ

తీసుకున్నది: ఆపరేషన్స్ మేనేజ్‌మెంట్‌లో డిగ్రీ, దూరవిద్య పద్ధతిలో. కోర్సు మూడేళ్లది, నాకు నాలుగున్నరేళ్లు పట్టింది. రేటింగ్ ఐదుకి మూడున్నర.

షాప్‌ఫ్లోర్‌లో నెలకి ఒకరైనా నా దగ్గరకొచ్చి "అక్కా, నన్ను కూడా డిగ్రీ కట్టమంటావా?" అని అడుగుతున్నారు. బ్రేక్‌లో దొరికే పది నిమిషాల్లో తేలే ప్రశ్న కాదిది. అందరికీ ఒకే జవాబు చెప్పినా తప్పే అవుతుంది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. ఫోన్ కొనాలన్నా మనం నాలుగు రివ్యూలు చదువుతాం. నాలుగేళ్లు పట్టే చదువుకి మాత్రం తెలిసినవాళ్లు ఒక్కరు చెప్పిన మాట చాలనుకుంటాం.

ముందు నా సంగతి. బడి చదువు అవగానే మెషిన్ షాప్‌లో చేరాను. మొదటి రెండేళ్లు డీబర్రింగ్, అంటే కోత అయ్యాక అంచుల్లో మిగిలిన గరుకుని ఫైల్‌తో తీసేసే పని. తర్వాత ఇన్‌స్పెక్షన్‌లోకి మార్చారు. వెర్నియర్, మైక్రోమీటర్, రంధ్రాలు కొలిచే బోర్ గేజ్, చివరికి సీఎంఎం అనే కంప్యూటర్ కొలత యంత్రం, అన్నీ పక్కన నిలబడి చూసి, చేత్తో పట్టుకుని నేర్చుకున్నవే. మా క్వాలిటీ సూపర్‌వైజర్ సెలవు పెడితే ఆయన పని నేనే చూసేదాన్ని. ఒకసారి ఆయన మోకాలి ఆపరేషన్ చేయించుకున్నప్పుడు ఐదు నెలలు వరుసగా చూశాను. కస్టమర్ ఆడిట్ కూడా ఆ ఐదు నెలల్లోనే వచ్చింది, ఒక్క పెద్ద తప్పు కూడా రాయకుండా వెళ్లారు.

ఆయన రిటైర్ అయ్యాక ఆ పోస్టుకి దరఖాస్తు పెడదామని ఫారం తెరిచాను. 'అర్హత' అన్నచోట డిగ్రీ వివరాలు అడిగింది. ఆ గడి ఖాళీగా వదిలితే తర్వాతి పేజీకి వెళ్లనివ్వలేదు. ఆ రాత్రి కంప్యూటర్ ముందు ఎంతసేపు కూర్చున్నానో గుర్తులేదు. ఐదు నెలలు చేసిన పనికి నేను పనికిరానని ఎవరూ అనలేదు. అనడానికి అక్కడ మనిషే లేడు, ఒక గడి ఉంది అంతే.

ఇది నా ఒక్కదాని కథ అనుకున్నాను. తర్వాత తెలిసింది, అమెరికాలో హార్వర్డ్ బిజినెస్ స్కూల్, మరో రెండు సంస్థలు కలిసి 2017లో ఇదే విషయం మీద ఒక నివేదిక వేశాయని. ప్రొడక్షన్ సూపర్‌వైజర్ ఉద్యోగాల ప్రకటనలు చూస్తే 2015లో వాటిలో 67 శాతం డిగ్రీ అడిగాయి. అప్పటికే ఆ ఉద్యోగాల్లో పనిచేస్తున్నవాళ్లలో డిగ్రీ ఉన్నది మాత్రం 16 శాతానికే. అంటే డిగ్రీ లేనివాళ్లు చక్కగా నడుపుతున్న పనికి, కొత్తగా వచ్చేవాళ్ల దగ్గర డిగ్రీ అడుగుతున్నారు. ఆ రెండు అంకెలు చదివాక బాధ తగ్గలేదు గానీ, లోపం నాలో ఉందన్న అనుమానం పోయింది. మర్నాడే అడ్మిషన్ ఫారం నింపాను.

ఇక చదువు సంగతి. దూరవిద్య అంటే చిన్నచూపు చూసేవాళ్లు ఇంకా ఉన్నారు. బ్రిటన్‌లో ఓపెన్ యూనివర్సిటీకి 1969లో చార్టర్ వచ్చింది, 1971లో మొదటి బ్యాచ్ చదువు మొదలుపెట్టింది. ముందస్తు అర్హతలు అడగకుండా, ఉద్యోగాలు చేసుకునేవాళ్లని చేర్చుకుని డిగ్రీలు ఇవ్వడం అప్పటినుంచీ ఉన్నదే. చదివేది అదే, రాసేది అదే. తేడా అంతా టైం దగ్గరే వస్తుంది.

ఆ టైం లెక్క ఎవరూ ముందుగా చెప్పరు కాబట్టి నేను చెబుతాను. యూరప్ యూనివర్సిటీలు వాడే ఈసీటీఎస్ పద్ధతిలో ఒక క్రెడిట్ అంటే విద్యార్థి పెట్టాల్సిన 25 నుంచి 30 గంటల శ్రమ. మూడేళ్ల డిగ్రీకి 180 క్రెడిట్లు, అంటే తక్కువలో తక్కువ 4,500 గంటలు. నేను ఒక నోట్‌బుక్‌లో రోజూ ఎంతసేపు చదివానో రాసుకునేదాన్ని. వారానికి సగటున 12 గంటలు, మొత్తం దాదాపు 2,800 గంటలు తేలింది. మిగతా గంటలు నాకు కలిసొచ్చాయంటే కారణం, కొన్ని సబ్జెక్టులు పనిలో ముందే తెలిసినవి కావడం. కొత్తగా చేరే కుర్రవాళ్లకి ఆ వెసులుబాటు ఉండదు.

నైట్ షిఫ్ట్ వారంలో చదువు సాగదు. ఇది ఖాయంగా చెప్పగలను. పొద్దున ఇంటికొచ్చి పడుకుని, లేచి పుస్తకం తీస్తే ఒకే పేజీ మూడుసార్లు చదవాల్సి వచ్చేది. మొదటి ఏడాది ఆ వారాలన్నీ టెన్షన్‌తోనే గడిచాయి. రెండో ఏడాది నుంచి నైట్ షిఫ్ట్ వారాలకి సెలవు ఇచ్చేశాను, డే షిఫ్ట్ వారాల్లో ఎక్కువ కూర్చున్నాను. కోర్సు నాలుగున్నరేళ్లకి సాగడానికి అదొక కారణం. ఆ నిర్ణయం తీసుకోకపోతే మధ్యలోనే వదిలేసేదాన్నని ఇప్పటికీ నమ్ముతాను.

పుస్తకాల విషయానికొస్తే, అర స్టార్ ఇక్కడే పోయింది. క్వాలిటీ మేనేజ్‌మెంట్ సబ్జెక్టుకి యూనివర్సిటీ ఇచ్చిన పుస్తకంలో ఐఎస్ఓ 9001 అనే నాణ్యతా ప్రమాణం అధ్యాయం మొత్తం 2008 నాటి ప్రమాణం ప్రకారం ఉంది. ఆ ప్రమాణం 2015లో మారింది. మా ప్లాంట్‌లో కొత్త వెర్షన్‌కి మారే పని నేనే దగ్గరుండి చూశాను. పరీక్షలో 'మేనేజ్‌మెంట్ రిప్రజెంటేటివ్ బాధ్యతలు వివరించండి' అని పది మార్కుల ప్రశ్న వచ్చింది. నేను ఆ బాధ్యతలన్నీ రాశాను. కింద ఇంకో పేరా కలిపాను: 2015 వెర్షన్‌లో ఆ పేరుతో ఒక మనిషిని పెట్టాలన్న నిబంధన తీసేశారు, ఆ బాధ్యత పై యాజమాన్యం మీదే పెట్టారు, రిస్క్ ఆలోచన కొత్తగా వచ్చింది, అని. ఆ ప్రశ్నకి రెండు మార్కులు పడ్డాయి. రీవాల్యుయేషన్ పెట్టినా మార్పు లేదు.

మార్కులు పోతే పోయాయి. నన్ను బాధపెట్టింది వేరే. అదే పుస్తకం చదివి పాసై, పాత ప్రమాణం నమ్ముకుని ఉద్యోగానికి వచ్చే పిల్లల సంగతేంటి? మొదటి ఆడిట్‌లోనే తలదించుకోవాల్సి వస్తుంది. చదువు అమ్మేవాళ్లు కనీసం పుస్తకం తాజాగా ఉంచాలి కదా.

ఇక ఈ నాలుగున్నరేళ్లకీ నిజంగా విలువ తెచ్చిన సబ్జెక్టు గురించి. రెండో ఏడాది స్టాటిస్టిక్స్. అందరూ భయపడే పేపర్ ఇది, నేనూ భయపడ్డాను.

మా లైన్‌లో హౌసింగ్ అనే ఒక భాగానికి 40 మిల్లీమీటర్ల బోర్, అంటే గుండ్రటి రంధ్రం వేస్తారు. టాలరెన్స్ హెచ్7, అంటే 40.000 నుంచి 40.025 లోపు ఉండాలి. మధ్యలో 40.012 దగ్గర వస్తే మంచిది. పదేళ్లుగా నా పద్ధతి ఒక్కటే. బోర్ గేజ్ పెట్టి చూస్తాను, 40.017 చూపిస్తే మెషిన్ సెట్ చేసే సెట్టర్‌కి చెబుతాను, "ఐదు మైక్రాన్లు ఎక్కువుంది, దింపు" అని. మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు. ఆయన మెషిన్‌లో ఆఫ్‌సెట్, అంటే టూల్ సర్దుబాటు అంకె దింపుతాడు. తర్వాతి పీస్ 40.008 వస్తే "నాలుగు ఎక్కించు" అంటాను. ప్రతి పీస్‌కీ ఇదే తంతు. జాగ్రత్తగా పనిచేయడం అంటే ఇదేనని నాకెవరో నేర్పారు, నేను నా తర్వాతివాళ్లకి నేర్పాను.

స్టాటిస్టిక్స్ పుస్తకంలో ఒక అధ్యాయం చివర ఎడ్వర్డ్స్ డెమింగ్ అనే నాణ్యతా నిపుణుడి గరాటు ప్రయోగం ఉంది. ఆయన తన సెమినార్లలో చేసి చూపించేవాడట. చదివితే నమ్మబుద్ధి కాలేదు. ఆదివారం మధ్యాహ్నం మా అమ్మాయిని పిలిచి డైనింగ్ టేబుల్ మీద పెద్ద కాగితం పరిచాను. మధ్యలో చుక్క పెట్టాం. పుస్తకాలు రెండు దొంతరలుగా పేర్చి, వాటి మధ్య ఒక స్కేలు, ఆ స్కేలు మీద గరాటు ఆనించి పట్టుకున్నాను. గోళీ వేస్తే అది కిందపడి ఎక్కడ ఆగుతుందో మా అమ్మాయి పెన్సిల్‌తో గుర్తు పెడుతుంది. మొదటి యాభైసార్లు గరాటుని కదపలేదు. గుర్తులు చుక్క చుట్టూ గుండ్రంగా పడ్డాయి.

రెండో కాగితం మీద నేను రోజూ చేసే పద్ధతి. గోళీ చుక్కకి కుడివైపు రెండు సెంటీమీటర్ల దూరంలో ఆగితే గరాటుని ఉన్నచోటు నుంచి ఎడమకి రెండు సెంటీమీటర్లు జరపాలి. ప్రతిసారీ అలాగే సరిచేస్తూ యాభైసార్లు వేశాం. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాం. మా అమ్మాయి చూసి, "అమ్మా, సరిచేస్తున్నకొద్దీ ఇంకా దూరంగా పోయాయేంటి?" అంది.

నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను. రెండో కాగితం మీద నా పదేళ్లు కనబడ్డాయి.

లెక్క ఏం చెబుతుందంటే, స్థిరంగా నడుస్తున్న పనిలో సహజంగా కొంత చెదురు ఉంటుంది. ఆ చెదురుని తప్పు అనుకుని ప్రతిసారీ సరిచేస్తే, మన సవరణ కూడా ఒక చెదురై దానికి తోడవుతుంది. చెదురుకి లెక్కలో కొలతైన వేరియన్స్ రెట్టింపవుతుంది, అంటే వెడల్పు దాదాపు 1.4 రెట్లు పెరుగుతుంది. మా బోర్‌కి సహజమైన స్టాండర్డ్ డీవియేషన్, అంటే ఆ వెడల్పు కొలత, నాలుగు మైక్రాన్లు ఉంటే, ముట్టుకోకుండా వదిలేస్తే వెయ్యిలో రెండు మూడు పీసులు టాలరెన్స్ దాటతాయి. ప్రతి పీస్‌కీ సరిచేస్తే ఆ సంఖ్య పాతిక దాటుతుంది. మా రిజెక్షన్ రిజిస్టర్ తీసి చూశాను. అంతకుముందు మూడు నెలల సగటు వెయ్యికి 26.

మర్నాడు మా సెట్టర్ బాబాయ్ దగ్గరకి వెళ్లాను. నాకన్నా ముందు నుంచి ఆ మెషిన్ మీద ఉన్న మనిషి. గంటకి ఐదు పీసులు కొలిచి చార్టు గీద్దాం, చార్టులో పైనా కిందా ఉన్న హద్దు గీతలు దాటితేనే ఆఫ్‌సెట్ ముట్టుకుందాం అన్నాను. ఆయన గేజ్ పక్కన పెట్టి, "ఏమ్మా, పదేళ్లుగా దింపు ఎక్కించు అన్నది నువ్వే కదా, ఇప్పుడు ముట్టుకోవద్దంటావేంటి?" అన్నాడు. "నేను చెప్పిందే తప్పు బాబాయ్" అన్నాను. ఆ మాట అనడం తేలిక కాలేదు. ఆయన కాసేపు నా మొహం చూసి, "సరే, నీ చార్టే చూద్దాం" అన్నాడు.

వాల్టర్ షూహార్ట్ అనే అమెరికన్ ఇంజనీర్ 1924లో ఒక చిన్న మెమోలో గీసి చూపించిన చార్టు అది. దాదాపు వందేళ్ల నాటి సంగతి నా చేతికి అంత ఆలస్యంగా వచ్చింది. టూల్ అరిగేకొద్దీ వచ్చే మార్పు కూడా చార్టులోనే తెలుస్తుంది. చుక్కలు వరసగా ఒకే వైపు నడుస్తాయి, అప్పుడు సరిచేయాలి. మిగతా సమయంలో చేతులు కట్టుకుని నిలబడాలి. కష్టపడి పనిచేయడం అలవాటైనవాళ్లకి అదే అన్నిటికన్నా కష్టం. ఆరు వారాల తర్వాత రిజెక్షన్ వెయ్యికి నాలుగుకి వచ్చింది.

డిగ్రీకి నేనిచ్చిన మూడున్నర స్టార్లలో రెండు ఆ ఒక్క అధ్యాయానివి.

ఇక్కడ న్యాయంగా ఒక ప్రశ్న వస్తుంది. ఆ అధ్యాయం ఉచితంగా ఆన్‌లైన్‌లో దొరకదా? దొరుకుతుంది. ఎంఐటీ తన కోర్సుల సామగ్రిని అందరికీ ఉచితంగా పెడతానని 2001లోనే ప్రకటించింది. 2012లో ఆన్‌లైన్ కోర్సులు నడిపే కోర్సెరా, ఎడెక్స్ వచ్చాయి. నేను డిగ్రీకి ముందు అలాంటి కోర్సులు మూడు మొదలుపెట్టాను. ఒక్కటీ రెండో వారం దాటలేదు. హార్వర్డ్, ఎంఐటీ ఎడెక్స్‌లో నడిపిన కోర్సుల లెక్కలు 2019లో సైన్స్ పత్రికలో వచ్చాయి. 2017-18లో చేరినవాళ్లలో పూర్తిచేసింది వందకి ముగ్గురు. పాఠం మంచిదైతే చాలదు. ఫలానా తేదీన పరీక్ష ఉంది, ఫెయిలైతే ఆరు నెలలు ఆగాలి అన్న ఒత్తిడి లేకపోతే అలసిపోయిన మనిషి పుస్తకం తెరవడు. డిగ్రీ నాకు ఆ తేదీని ఇచ్చింది. సొంతంగా పట్టుదలతో చదివి ముగించగలిగేవాళ్లకి దీని విలువ తక్కువ. నాకు మాత్రం చాలా ఎక్కువ.

మిగతా సబ్జెక్టుల గురించి ఎక్కువ రాయడానికి లేదు. అకౌంట్స్ వల్ల కాస్టింగ్ షీట్ చదవడం వచ్చింది. బిజినెస్ లా పరీక్ష రాసిన వారానికే మర్చిపోయాను. కమ్యూనికేషన్ పేపర్ ఎందుకు పెట్టారో అర్థం కాలేదు, అందులో మాట్లాడటం ఎక్కడా లేదు.

ఒక స్టార్ పూర్తిగా పోయింది సర్వీసు దగ్గర. చివరి పరీక్ష రాశాక ఫలితాలకి ఐదు నెలలు పట్టింది. ప్రొవిజనల్ సర్టిఫికెట్‌కి మరో రెండు నెలలు. వచ్చిన దాంట్లో నా పేరులో ఒక అక్షరం తప్పు. దాన్ని సరిచేయించడానికి ఏడు వారాలు. హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే రింగై రింగై ఆగిపోయేది, ఈమెయిల్‌కి వచ్చిన జవాబులో 'మీ అభ్యర్థన పరిశీలనలో ఉంది' అని తప్ప ఇంకేమీ ఉండేది కాదు. ఆ మధ్యలో మా ఇంకో ప్లాంట్‌లో సూపర్‌వైజర్ పోస్టు పడింది. పాసైన మార్కులు ఆన్‌లైన్‌లో కనబడుతున్నాయి, ప్రింటు తీసి ఇస్తానన్నాను. ప్రొవిజనల్ కాగితం లేకపోతే తీసుకోం అన్నారు. నాలుగున్నరేళ్లు నేను గడువులు తప్పలేదు. గడువు తప్పింది వాళ్లు, పోస్టు పోయింది నాకు. దీన్ని మర్చిపోవడం నావల్ల కావడం లేదు.

తర్వాతి పోస్టు ఏడు నెలలకి పడింది, ఈసారి ఆ గడి నింపాను. ఇంటర్వ్యూ ఇరవై నిమిషాలు. ముగ్గురు కూర్చున్నారు. ఆడిట్ గురించి అడిగారు, రిజెక్షన్ ఎలా తగ్గించావని అడిగారు, షిఫ్టులో ఇద్దరు గొడవపడితే ఏం చేస్తావని అడిగారు. డిగ్రీలో ఏం చదివావని ఒక్కరూ అడగలేదు. హెచ్ఆర్ అమ్మాయి ఒరిజినల్ చూసి, జిరాక్స్ మీద సంతకం పెట్టించుకుని ఫైల్లో పెట్టింది. అంతే. ఉద్యోగం వచ్చింది.

ఆ రోజు ఇంటికి వెళ్తూ సంతోషపడ్డాను, ఇంకోపక్క మనసు చివుక్కుమంది కూడా. వాళ్లు విని మెచ్చుకున్న గరాటు కథ నాకు డిగ్రీలోనే దొరికింది, నిజమే. కానీ ఆ కథ చెప్పడానికి లోపలికి రానిచ్చింది మాత్రం ఆ కాగితం. ఈ రెండూ ఒకటి కావని ఆర్థికవేత్తలు ఎప్పుడో పట్టుకున్నారు. 1964లో గ్యారీ బెకర్ చదువుని పెట్టుబడిగా చూశాడు: నేర్చుకుంటే మనిషి పనితనం పెరుగుతుంది, దానికే జీతం పెరుగుతుంది. 1973లో మైకేల్ స్పెన్స్ ఇంకో మాట అన్నాడు. యజమానికి ఎదుటి మనిషి సామర్థ్యం కనబడదు. డిగ్రీ పూర్తిచేయడం సమర్థులకి తేలిక, మిగతావాళ్లకి భారం. అందువల్ల డిగ్రీలో పనికొచ్చేది ఏమీ నేర్పకపోయినా అది ఒక గుర్తుగా పనిచేస్తుంది. ఇద్దరికీ నోబెల్ వచ్చింది, ఒకరికి 1992లో, ఇంకొకరికి 2001లో. నా విషయంలో ఇద్దరూ కరెక్టే. స్టాటిస్టిక్స్ పేపర్ బెకర్ వైపు, ఫారంలో గడి స్పెన్స్ వైపు.

ఈ తేడా ఎందుకు పట్టించుకోవాలంటే, మధ్యలో మానేసేవాళ్ల కోసం. మూడేళ్లలో రెండేళ్లు చదివితే మూడింట రెండు వంతుల లాభం వస్తుందనుకుంటారు. రాదు. డిగ్రీ పూర్తయిన ఏడాదికి జీతంలో వచ్చే పెరుగుదల మామూలుగా ఒక ఏడాది చదువుకి వచ్చేదానికన్నా పెద్దది. దీన్ని గొర్రెతోలు ప్రభావం అంటారు, ఒకప్పుడు పట్టాలు గొర్రెతోలు మీద రాసేవారు కాబట్టి. 2018లో సఖరోపులోస్, పాట్రినోస్ అనే ఇద్దరు 139 దేశాల అధ్యయనాలు కూడగట్టి, ఒక్కో ఏడాది అదనపు చదువుకి సగటున 9 శాతం రాబడి ఉందని తేల్చారు. మంచి అంకె. కానీ మన జీవితం సగటు మీద నడవదు. మొదలుపెట్టి వదిలేసిన మా బ్యాచ్ మనిషికి ఆ 9 శాతం ఎక్కడా కనబడలేదు, పోయిన రాత్రులు మాత్రం మిగిలాయి.

కాబట్టి నన్ను అడిగేవాళ్లని నేను తిరిగి ఒకటే అడుగుతాను: నువ్వు వెళ్లాలనుకుంటున్న చోట ఆ గడి ఉందా?

మొన్న అడిగిన కుర్రాడు వెల్డర్. మంచి చేయి. అతనికి ప్రెషర్ వెసెల్స్, అంటే పీడనం తట్టుకునే ట్యాంకులు తయారుచేసే కంపెనీకి మారాలని ఉంది. అక్కడ ఐఎస్ఓ 9606 పరీక్ష పెడతారు. టెస్ట్ పీస్ వెల్డ్ చేసి ఇవ్వాలి, దాన్ని పరీక్షించి అర్హత ఇస్తారు, ఆ తర్వాత ఆ పని చేస్తూనే ఉన్నానని ఆరు నెలలకోసారి ధ్రువీకరణ చేయించుకోవాలి. ఆ పరీక్షకి డిగ్రీ అక్కర్లేదు. "తమ్ముడూ, ఆ నాలుగేళ్లు టిగ్ వెల్డింగ్ మీద పెట్టు" అన్నాను. అతని మొహంలో కాస్త నిరాశ కనబడింది. ఇంట్లోవాళ్లకి డిగ్రీ అంటే గౌరవమట. ఆ గౌరవం చిన్నది కాదు, నాకు తెలుసు. మా అమ్మ నా పట్టా ఫోటో తన ఫోన్ తెర మీద పెట్టుకుంది. కానీ అతను అడిగింది కెరీర్ గురించి.

ఇంకో అమ్మాయి మా అసెంబ్లీ లైన్‌లో ఉంది, విదేశాలకి వెళ్లాలని ఉంది. ఆమెకి చేయమనే చెప్పాను. అమెరికా హెచ్-1బీ ఉద్యోగ వీసాకి డిగ్రీ గానీ దానికి సమానమైనది గానీ కావాలి. అనుభవంతో ఆ సమానత చూపించాలంటే, లేని ఒక్కో ఏడాది కాలేజీ చదువుకి మూడేళ్ల అనుభవం లెక్క. నాలుగేళ్ల డిగ్రీకి పన్నెండేళ్లు. అదే జర్మనీ అయితే దారి ఇంకోలా ఉంది. 2013లో అమల్లోకి వచ్చిన వాళ్ల అర్హతల చట్రంలో మైస్టర్ అనే వృత్తి అర్హతని బ్యాచిలర్ డిగ్రీతో పాటు ఆరో లెవెల్‌లోనే పెట్టారు. చేతిపనికి అంత గౌరవం ఇచ్చే పద్ధతి ఉందని తెలిశాక నాకు చాలా సంతోషమేసింది. దేశం మారితే తాళం మారుతుంది, ముందు అది కనుక్కోవాలి. డాక్టర్, లాయర్, ఆర్కిటెక్ట్ లాంటి లైసెన్సు ఉద్యోగాలకి ఇక ఈ చర్చే అనవసరం.

"ఇప్పుడు కంపెనీలు డిగ్రీ అడగడం మానేస్తున్నాయి కదక్కా" అని కూడా అంటున్నారు. కొన్ని మానేశాయి. అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రం 2022లో వేలాది ప్రభుత్వ ఉద్యోగాలకి ఆ నిబంధన తీసేసింది. మంచి పని. కానీ 2024లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్, బర్నింగ్ గ్లాస్ ఇన్‌స్టిట్యూట్ కలిసి అసలు నియామకాలు చూస్తే, ఈ మార్పు వల్ల లాభపడింది 700 నియామకాల్లో ఒక్కటి కూడా లేదు. ప్రకటనలో గడి తీసేసినా ఇంటర్వ్యూ చేసేవాళ్ల మనసులో అది అలాగే ఉంది. ఇప్పుడు నేనూ ఇంటర్వ్యూల్లో కూర్చుంటున్నాను. పోయిన నెల ఇన్‌స్పెక్టర్ పోస్టుకి వచ్చిన దరఖాస్తుల్లో డిగ్రీ ఉన్నవి ఒక కట్ట, లేనివి ఒక కట్ట వేసి ఇచ్చారు. నేను రెండూ కలిపేశాను. అందరికీ బోర్ గేజ్ చేతికిచ్చి ఐదు పీసులు కొలవమన్నాను. ఎంపికైన అమ్మాయి రెండో కట్టలోది. ప్రతి కొలతకి ముందు మాస్టర్ రింగ్ (కచ్చితమైన కొలత తెలిసిన రింగు) మీద జీరో చూసుకున్నది ఆమె ఒక్కతే.

చేరాలని నిర్ణయించుకున్నవాళ్లకి కొన్ని జాగ్రత్తలు. ఫీజు కట్టకముందే ఆ యూనివర్సిటీకి గుర్తింపు ఉందో లేదో గుర్తింపు ఇచ్చే సంస్థ జాబితాలోనే చూడండి, బ్రోషర్ నమ్మకండి. పాత విద్యార్థుల్ని పట్టుకుని, చివరి పరీక్ష తర్వాత పట్టా చేతికి రావడానికి ఎన్ని నెలలు పట్టిందో అడగండి. సిలబస్ పుస్తకం ఒకటి తెప్పించుకుని మీ రంగంలో ఈమధ్య మారిన విషయం ఒకటి అందులో ఉందో లేదో వెతకండి, ఐదు నిమిషాల పని. గరిష్ఠ గడువు ఎంతో, మధ్యలో ఒక ఏడాది ఆగితే క్రెడిట్లు నిలుస్తాయో లేదో రాతపూర్వకంగా తీసుకోండి. పేరు స్పెల్లింగ్ మొదటి హాల్ టికెట్ దగ్గరే సరిచూసుకోండి. చివర్లో ట్రాన్స్‌క్రిప్ట్‌లు ఐదారు కాపీలు ఒకేసారి తీసుకోండి. రెండోసారి అడిగితే నాకు పదకొండు వారాలు పట్టింది.